కాపరి విద్య: క్రైస్తవ మంత్రణ శాస్త్ర పరిచయం

ఒక వ్యక్తి తన జీవితంలోని చిక్కును మరొకరి ఎదుట విప్పి చెప్పుకోగా, విన్నవారు ఆ చిక్కు స్వరూపాన్ని అతనితో కలిసి పరిశీలించి, అతడే ఒక నిర్ణయానికి రాగలిగేటట్లు తోడ్పడే ప్రక్రియకు మన విద్యాశాస్త్ర గ్రంథాలు మంత్రణం అని పేరు పెట్టాయి. ఆ ప్రక్రియ బైబిలును ప్రమాణంగా స్వీకరించి, ప్రార్థనను సాధనంగా చేసుకుని, సంఘం అనే సమాజపు ఆదరువుతో జరిగినప్పుడు దానిని క్రైస్తవ మంత్రణం అంటాం. మంత్రణం అనగానే మన పల్లెల్లో తాయెత్తులూ మంత్రించిన నిమ్మకాయలూ గుర్తుకు రావడం సహజమే గాని, ఈ పదాన్ని కూర్చిన పండితులు ఉద్దేశించింది ఆలోచన చెప్పడం అనే అర్థాన్ని. మంత్రి అన్న మాటలో ఆ అర్థం ఇప్పటికీ బతికే ఉంది. మంత్రణం కోరి వచ్చినవారిని మంత్రణార్థి అనీ, చేసేవారిని మంత్రకుడు అనకుండా కాపరి అనీ ఈ వ్యాసంలో వ్యవహరిస్తాను. మొదటిది పరిభాష, రెండోది సంఘంలో నిత్యం వినబడే మాట.

నిర్వచనం నిలవాలంటే సరిహద్దులు తెలియాలి. ప్రసంగం అందరికీ కలిపి చెప్పే మాట. మంత్రణం ఒక్కరితో నడిచే మాట. ఒప్పుకోలు అంటే దేవుని ఎదుట పాపాన్ని అంగీకరించడం; మంత్రణానికి వచ్చిన వారందరూ పాపం చేసి వచ్చినవారు కారు. చికిత్స వైద్యుని పని. ఇక మన ప్రాంతంలో మంత్రణంతో అన్నిటికంటే ఎక్కువగా కలగాపులగమయ్యేది పంచాయితీ. కర్నూలు, కడప పల్లెల్లో ఇద్దరికి మాటామాటా వస్తే పెద్దమనుషులు కూర్చుంటారు, ఇరుపక్షాలూ చెప్పుకుంటాయి, తప్పెవరిదో తేలుతుంది. సంఘంలో తగవు వచ్చినప్పుడు అయ్యగారిని కూడా ఆ వరుసలోనే కూర్చోబెడతారు, ఆయన కూడా గౌరవంగా భావించి కూర్చుంటారు. అయితే పంచాయితీకి సాక్షులు కావాలి, మంత్రణానికి ఏకాంతం కావాలి; పంచాయితీ తీర్పుతో ముగుస్తుంది, మంత్రణంలో తీర్పు ఉండదు. ఒకసారి తీర్పరిగా కూర్చున్న కాపరి దగ్గరికి ఓడిన పక్షంవారు మనసు విప్పుకోవడానికి మళ్ళీ రారు. తీర్పు న్యాయమైనదే కావచ్చు; అయినా రారు. అందుచేత తగవు తీర్చే పనిని సంఘపెద్దలకు వదలి, కాపరి దానికి దూరంగా ఉండడమే మేలని నా అభిప్రాయం. దీన్ని ఒప్పుకోని కాపరులు చాలామంది ఉన్నారని కూడా తెలుసు.

ఈ శాస్త్రానికి కావలసిన మూలపరిభాషను తెలుగు బైబిలు అనువాదకులు ఏనాడో సిద్ధం చేసి పెట్టారు. గ్రీకు మూలంలోని నౌథెతేయో అన్న క్రియకు మనసులో నాటడం అని వ్యుత్పత్తి. తెలుగులో అది 'బుద్ధి చెప్పడం' అయింది. పరాక్లేసిస్ అన్న మాటకు పక్కకు పిలవడం, పక్కన నిలవడం అని మూలార్థం. అది 'ఆదరణ' అయింది. యోహాను సువార్తలో పరిశుద్ధాత్మకు ఆదరణకర్త అన్న పేరు ఈ ధాతువు నుండే వచ్చింది. మరణం జరిగిన ఇంట కొన్నాళ్ళకు చేసే ప్రార్థనను తెలుగు క్రైస్తవులు ఆదరణ కూడిక అంటారు గనుక ఈ మాట గ్రంథంలోనే ఉండిపోక వాడుకలోకి దిగి వచ్చింది. బుద్ధి, ఆదరణ అనే ఈ రెండూ మంత్రణానికి రెండు చేతులు. ఏ చెయ్యి ఎప్పుడు చాపాలి అన్నదే ఈ శాస్త్రంలోని ప్రధాన ప్రశ్న.

ఆ ప్రశ్నకు అతి పురాతనమైన సమాధానం సా.శ. 50 ప్రాంతంలో పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక ఐదవ అధ్యాయంలో ఉంది. అక్కడ ఆయన మనుషులను మూడు వర్గాలుగా విడదీశాడు: క్రమం తప్పి నడిచేవారు, ధైర్యం చెడినవారు, బలహీనులు. మొదటివారికి బుద్ధి, రెండోవారికి ధైర్యం, మూడోవారికి ఊత అని ఒక్కొక్కరికి ఒక్కొక్క ఉపాయం చెప్పి, ఓర్పును మాత్రం ముగ్గురికీ ఉమ్మడి చేశాడు. వాక్యం చిన్నది. కాని దానిలో ఒక వర్గీకరణ సూత్రం ఉంది: స్థితి నిర్ణయం ముందు, ఉపాయం తరువాత. కాపరుల చేతుల్లో జరిగే హాని చాలావరకు దుర్బుద్ధి వల్ల జరగదు. వర్గం తారుమారు కావడం వల్ల జరుగుతుంది. ధైర్యం చెడినవానికి బుద్ధి చెబితే ఉన్న కాస్త ప్రాణమూ జారిపోతుంది. క్రమం తప్పినవానికి ఆదరణ చూపితే తప్పుకు అది అండ అవుతుంది. బలహీనునికి ధైర్య వచనాలు చెప్పి ఊరుకుంటే, ఊతకర్ర అడిగినవానికి ఉపన్యాసం ఇచ్చినట్టు.

యోబు గ్రంథాన్ని ఈ దృష్టితో చదివితే అదొక సుదీర్ఘమైన పొరపాటు వర్గీకరణ చరిత్ర. ఎలీఫజు, బిల్దదు, జోఫరు ముగ్గురూ చెడ్డవారు కారు. స్నేహితుని కష్టం విని దూరం నుండి వచ్చారు, ఏడు పగళ్ళూ ఏడు రాత్రులూ నేలమీద అతని పక్కన మాట లేకుండా కూర్చున్నారు. ఆ ఏడు రోజులూ వారు చేసినది ఉత్తమమైన ఆదరణ. నోరు విప్పిన తరువాతే చెడింది: కష్టం వచ్చింది గనుక పాపం చేసి ఉంటాడని నిర్ణయించుకుని, శోకంలో ఉన్నవానికి బుద్ధి చెప్పడం మొదలుపెట్టారు.

స్థితి నిర్ణయం ఎలా జరగాలో కర్నూలు ప్రాంతపు నాపరాళ్ళ ఊరు బేతంచెర్లవారికి దూరం పోయి నేర్చుకోవలసిన అవసరం లేదు. ఇక్కడి నాపరాళ్ళు ఎన్నో ఇళ్ళకు నేలలయ్యాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు కర్నూలు శ్రేణిగా వర్ణించే ఈ సున్నపురాయి పొరలు పొరలుగా ఉంటుంది. అలా ఉండడం వల్లనే బండగా లేస్తుంది. రాయి తెలిసినవాడు ఉలి పెట్టకముందు సుత్తితో తట్టి వింటాడు. గట్టిది ఖంగున పలుకుతుంది, లోపల బీట ఉన్నది బొదబొదమంటుంది. బీట పైకి కనబడదు. పొర ఎటు పోతున్నదో తెలియకుండా ఉలి దించితే బండ రాదు, చెక్కలు వస్తాయి. మంత్రణంలో ప్రశ్న వేయడం ఈ తట్టి వినడం వంటిది. అది సమాచార సేకరణ కాదు, పరామర్శ కాదు, సమాధానానికి ముందు మర్యాదగా వేసే పీఠిక అంతకన్నా కాదు.

ఒక దృష్టాంతం ఊహించుకుందాం. ఆదివారం ఆరాధన అయిపోయాక పాలిష్ ఫ్యాక్టరీ కార్మికుని భార్య ఒకామె చెప్పులు వెతుక్కుంటున్నట్టు గుమ్మం దగ్గర ఆగింది. అందరూ వెళ్ళాక అంది: "అయ్యగారూ, మా ఇంటాయనకు రోంత బుద్ధి చెప్పండి. తాగి పడుకుంటాడు, పనికి పోడు." ఆమె వర్గీకరణ కూడా చేసి పెట్టింది: క్రమం తప్పినవాడు, కనుక బుద్ధి. తొందరపడే కాపరి ఆ సాయంత్రమే ఆ ఇంటికి పోయి, మద్యపానం గురించి నాలుగు వచనాలు చదివి, ప్రార్థన చేసి వస్తారు. శిక్షణ ఉన్న కాపరి ఒక్క మాట అడుగుతారు: "ఎప్పటినుంచి అమ్మా?" ఆమె కాసేపు ఆలోచించింది. "ఉగాది కాణ్ణించి." "అంతకు ముందో?" "ముందు ఇట్ల లేడు అయ్యగారూ. వాళ్ళ తమ్ముడు పోయిన కాణ్ణించే ఇట్లయింది." తాగుడు తప్పు కాకుండా పోలేదు, కాని అది బీట మీది దుమ్ము. ఆ మనిషి దగ్గరికి కాపరి ఇప్పుడు తీసుకుపోవలసిన మొదటి మాట మద్యం గురించి కాదు, తమ్ముని గురించి. పోయే ముందు ఆమెను మరొక మాట, ఇదీ ఏకాంతంలోనే, అడగాలి: చేయి చేసుకుంటాడా అని. అవునంటే వర్గం మళ్ళీ మారుతుంది. అప్పుడు మొదటి పని ఆమె భద్రత. 2005 నాటి గృహహింస చట్టం, 181 మహిళా సహాయ నంబరు ఆమెకు తెలియజెప్పడం కూడా కాపరి పనిలో భాగమే. ఓర్చుకో, ప్రార్థన చెయ్యి అని ఆమెను ఇంటికి పంపడం ఆదరణ కాదు.

రెండవ సూత్రం శరీరానికి సంబంధించింది. ఏలీయా ప్రవక్త ప్రాణభయంతో అరణ్యానికి పారిపోయి, చావు కోరుకుంటూ ఒక చెట్టు కింద పడుకున్నాడు. హెబ్రీ మూలంలో అది ఎడారి పొద. తెలుగు అనువాదకులు దాన్ని బదరీ వృక్షం చేసి మన మెట్ట భూముల్లోని రేగుచెట్టు కిందికి తెచ్చారు. ఆ స్థితిలో ఉన్నవాని దగ్గరికి వచ్చిన దేవదూత బోధ చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్ళు, మధ్యలో నిద్ర, మళ్ళీ రొట్టె. దేవుడు ప్రశ్న అడిగింది ఆ తరువాత, నలభై దినాల నడక తరువాత. ఆకలి, నిద్రలేమి, జబ్బు ఉన్నంతసేపూ ఉపదేశం మనసుకు ఎక్కదన్న శరీరధర్మాన్ని ఆ కథ గుర్తించింది.

తెలుగు దేశంలో ఈ సూత్రానికి పెద్ద పరీక్ష 1876–78 మధ్య వచ్చింది. ప్రజలు ధాత కరువు అని పిలుచుకున్న ఆ క్షామంలో కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే పనిని కాంట్రాక్టుగా తీసుకుని, కూలిగా వచ్చినవారికి పనీ అన్నమూ దొరికేటట్లు చూశాడు. చాలామంది బాప్తిస్మం అడిగారు; కరువు ఉన్నంతకాలం ఆయన ఇవ్వలేదు. గంజి కోసం విశ్వాసం పుట్టిందన్న అనుమానం ఆయనకూ వద్దు, వారికీ వద్దు. కరువు సడలిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను అందరూ చెప్పుకుంటారు. మంత్రణ శాస్త్ర విద్యార్థి గమనించవలసింది దానికి ముందున్న నిరీక్షణను.

ఇన్ని వేలమందిని ఎవరు నడిపించాలి? రాయలసీమలో ఈ ప్రశ్న మరింత కఠినంగా ఎదురైంది. లండన్ మిషన్ తరఫున జాన్ హ్యాండ్స్ 1810లోనే బళ్ళారి చేరాడు. కడపలో ఆ మిషన్ పని తరువాతి దశాబ్దంలో సాగింది. ఆ శతాబ్దంలోనే ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల కేంద్రాలుగా ఆంగ్లికన్ సంఘపు ఎస్.పి.జి. మిషన్ నిలదొక్కుకుంది. ఊళ్ళు ఎక్కువ, అభిషిక్తులైన గురువులు తక్కువ. ఆ ఖాళీలో పుట్టిన వ్యవస్థే ఉపదేశి. పగలు బడి చెప్పడం, రాత్రి ప్రార్థన నడపడం, రోగి దగ్గర కూర్చోవడం, అర్జీ రాసిపెట్టడం అన్నీ ఆయనే. నంద్యాలలో ఇటువంటి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే ఏర్పాటు 19వ శతాబ్దపు చివరి పాదంలోనే ఉంది. మగవారికి ప్రవేశం లేని వంటింటి మాటలకు బైబిలు స్త్రీ ఉండేది. మంత్రణ చరిత్ర రాసేవారు బిషప్పులనూ దొరలనూ తలుచుకున్నంతగా ఈ ఇద్దరినీ తలుచుకోరు. నిజానికి దొరగారి బంగళా గేటు దాటడానికి జంకిన మనిషి ఉపదేశి అరుగు మీద కూర్చుని కష్టం చెప్పుకున్నాడు. ఉపదేశి అదే వాడలో, అదే బావి నీళ్ళు తాగుతూ ఉన్నాడు. సాన్నిహిత్యం మంత్రణానికి పునాది అన్న మూడవ సూత్రాన్ని ఆయన పుస్తకంలో చదవలేదు.

దానిని ప్రపంచం ఎదుట చెప్పినవాడు వి.ఎస్. అజరయ్య. 1910లో ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన పాశ్చాత్య మిషనరీల త్యాగాన్ని కొనియాడుతూనే, ఇక మాకు స్నేహితులు కావాలని అడిగాడు. రెండేళ్ళ తరువాత, 1912లో, దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తుడై భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పు అయ్యాడు. అక్షరం రాని పల్లె విశ్వాసులకు పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటికి నేర్పించి, బాప్తిస్మం పొందిన ప్రతివారూ తల మీద చెయ్యి పెట్టుకుని సువార్త ప్రకటించే బాధ్యత తమదేనని పలికేటట్లు చేశాడు. అంటే మార్గదర్శనం గురువుల సొత్తు కాదు, కూలి మనిషి కూడా మరొకరికి దారి చూపవలసినవాడే. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే జనుల మాట వింటూ అలసిపోతుంటే, మామ యిత్రో పదేసిమందికి ఒకరు, యాభైమందికి ఒకరు అని పని పంచమని చెప్పిన పద్ధతీ ఇదే.

సార్వత్రిక సంఘ చరిత్రలో ఈ విద్యకు శాస్త్రరూపం ఇచ్చిన గ్రంథాలు కొన్నే. ఆరవ శతాబ్దం చివర రోమా పోపు గొప్ప గ్రెగరీ కాపరి ధర్మం మీద రాసిన గ్రంథంలో మూడవ భాగమంతా వర్గీకరణే: ధనికులు–దరిద్రులు, సంతోషులు–దుఃఖితులు, మౌనులు–వాచాలురు అంటూ ముప్పైకి పైగా జతలను పేర్కొని, ఎవరితో ఎలా మాట్లాడాలో వివరించాడు. 1656లో ఇంగ్లండులోని రిచర్డ్ బాక్స్టర్, కొందరికి పదేళ్ళు విన్న ప్రసంగాల కంటే అరగంట ఏకాంత సంభాషణ ఎక్కువ ఫలిస్తుందని తన అనుభవంతో వాదించాడు. కిడర్‌మిన్‌స్టర్‌లో ఆయన ఏడాదికి 800 కుటుంబాల వరకు దర్శించే ప్రణాళిక నడిపాడు. ఇరవయ్యో శతాబ్దంలో దారి చీలింది. తానే మానసిక వ్యాధికి లోనై కోలుకున్న ఆంటన్ బాయిసన్ 1925లో అమెరికాలోని వూస్టర్ మానసిక వైద్యశాలలో వేదాంత విద్యార్థులను రోగుల పక్కన కూర్చోబెట్టి శిక్షణ ప్రారంభించాడు. బాధపడే మనిషి కూడా చదవవలసిన గ్రంథమేనన్నది ఆయన వాదం. దానికి ఎదురుగా 1970లో జే ఆడమ్స్, మనస్తత్వ శాస్త్రానికి కాపరులు తాకట్టు పడ్డారని ఆక్షేపించి, పైన చెప్పిన నౌథెతేయో ధాతువునే జెండాగా ఎత్తి, వాక్యంతో బుద్ధి చెప్పడమే అసలు మంత్రణమన్నాడు. ఈ రెండు పక్షాల వాదం ఇంకా తెగలేదు. మన దేశపు కుటుంబాలకు తగినట్టుగా ఈ విద్యను మలచే పని వేలూరులోని క్రైస్తవ కౌన్సెలింగ్ కేంద్రంలో బి.జె. ప్రశాంతం వంటివారు చేశారు.

పక్షం ఎంచుకోమంటే నేను పౌలు వర్గీకరణ దగ్గరికే తిరిగి వెళ్తాను. ఆడమ్స్ చెప్పింది క్రమం తప్పినవారి విషయంలో నిజం. అందరినీ ఆ ఒక్క గాటనే కట్టడం యోబు స్నేహితుల దారి. దావీదు రాజు పరుని భార్యను ఆశించి ఆమె భర్తను హత్య చేయించినప్పుడు నాతాను ప్రవక్త చేసినది నిస్సందేహంగా బుద్ధి చెప్పడమే, కాని అక్కడ కూడా ఆయన నేరారోపణతో మొదలుపెట్టలేదు. పేదవాని ఒక్క గొర్రెపిల్ల కథ చెప్పి, తీర్పు రాజు నోటనే పలికించాడు. మంత్రణార్థి తానే నిర్ణయానికి రావాలన్న నేటి సూత్రానికి ఇంతకంటే పాత ఉదాహరణ నాకు కనబడలేదు.

ఇక హద్దుల సంగతి. మన ప్రాంతంలో వింతగా మాట్లాడే ఆడపిల్లను, ఉన్నట్టుండి పడి కొట్టుకునే పిల్లవాణ్ణి గాలి సోకిందని ప్రార్థనకు తెస్తారు. ప్రార్థన చేయవలసిందే, దానితోపాటు ఆస్పత్రికీ తీసుకుపోవలసిందే. మూర్ఛ మెదడుకు వచ్చే వ్యాధి; నెలల తరబడి ఉపవాస ప్రార్థనల పేరుతో మందు ఆపితే ప్రాణానికి ముప్పు. పౌలు ప్రయాణాల్లో లూకా అనే వైద్యుడు తోడున్నాడు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు ప్రార్థన ఒక్కటే సూచించి ఊరుకోలేదు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి-మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ పలుకుతుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టరాదన్నది. ప్రార్థనామందిరానికి దానిలో మినహాయింపు లేదు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి ఆదుకోవాలన్నదీ ఆ చట్టమే. పౌలు మాటల్లో వారు ధైర్యం చెడినవారు, క్రమం తప్పినవారు కారు.

గోప్యత మంత్రణానికి ప్రాణం. విన్నది భార్యకు చెప్పకూడదు, ప్రార్థన అంశంగా మార్చి కూడికలో చెప్పకూడదు, పేరు తీసేసి ప్రసంగంలో ఉదాహరణగా వాడకూడదు. చిన్న ఊళ్ళో పేరు తీసినా మనిషి తెలిసిపోతాడు. ఈ నియమానికి చట్టం పెట్టిన మినహాయింపు ఒకటుంది: పిల్లల మీద లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం ఎవరికైనా విధి, కాపరికైనా సరే. సంఘం పరువు అన్న మాట అక్కడ చెల్లదు.

మరణం తరువాత చేసే ఆదరణకు శాస్త్రంలో వేరే ప్రకరణమే ఉంది గాని, ఆచరణలో జరిగే ఒక లోపాన్ని మాత్రం ప్రస్తావిస్తాను. ఆదరణ కూడిక వరకు ఆ ఇంటికి మనుషులు వస్తూనే ఉంటారు. భోజనాలై, అద్దె కుర్చీలు వెళ్ళిపోయాక రాకపోకలు తగ్గుతాయి. శోకం అప్పుడు మొదలవుతుంది. కనుక కాపరి తన డైరీలో ఆ ఇంటి పేరు మూడో నెలలో ఒకసారి, ఆరో నెలలో ఒకసారి, డిసెంబరులో తప్పనిసరిగా రాసుకోవాలి. క్రిస్మస్‌కు చర్చికి సున్నం కొట్టే వారంలో వాడలోని ఇళ్ళ మీద నక్షత్రాలు వెలుగుతుంటాయి. ఆ ఇంటి మీద ఉండదు. కాపరి క్రిస్మస్ కేరల్స్ బృందంతో కాక, దానికి రెండు రోజుల ముందు ఒంటరిగా వెళ్ళాలి, మంచం మీద కూర్చోవాలి, పిల్లలు మన గుమ్మం ముందు పాడిపోవాలా, ఈ ఏడు వద్దా అని ఆ ఇంటి తల్లినే అడగాలి.